తన భాషలో పాడిన గాయని: మాసిడోనియా రోమా కళాకారిణి ఎస్మా రెజెపోవా

(అంతర్జాతీయ రోమా దినోత్సవ సందర్భంగా ఒక కళాశాల గ్రంథాలయంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను సంగీత శాస్త్రజ్ఞుణ్ణి కాను. హిందీలో ఎం.ఏ. చదివి, హిందీ నుంచి తెలుగులోకి అనువాదాలు చేస్తూ జీవిస్తున్నవాణ్ణి. అటువంటి నేను, ఐరోపా ఖండంలో బాల్కన్ కొండల నడుమ ఉన్న ఒక చిన్న దేశపు జానపద గాయనిని గురించి ప్రసంగించడానికి ఎందుకు పూనుకున్నానో ముందుగా మనవి చేసుకోవాలి. అందుకు కారణం నేను చేసిన ఒక పొరపాటు.

కొంతకాలం కిందట ఒక పత్రిక కోసం ఆమెను గురించిన హిందీ వ్యాసాన్ని అనువదించాను. అందులో రోమా ప్రజలను 'ఖానాబదోష్' అని పేర్కొన్నారు. ఇంటిని భుజాన వేసుకున్నవాడని పారసీకంలో ఆ మాటకు అర్థం. నేను క్షణమైనా ఆలోచించకుండా 'దేశదిమ్మరులు' అని రాశాను. అంతటితో ఆగక, పాఠకులకు సులభంగా బోధపడుతుందన్న ఉద్దేశంతో 'ఐరోపాలోని లంబాడీలు' అని మూలంలో లేని వివరణ ఒకటి చేర్చాను. ప్రూఫులు దిద్దే మిత్రుడు దేవరకొండ ప్రాంతంలోని ఒక తండాలో పుట్టినవాడు. ఆయన ఆ రెండు మాటల కిందా పెన్సిలుతో గీతలు గీసి, కాగితాలు నా దగ్గరకు తెచ్చాడు.

"సార్, ఈమె స్కోప్యేల పుట్టి స్కోప్యేలనే చనిపోయిందని మీరే రాసిండ్రు గద. మరి దిమ్మరి ఎట్లయింది? మమ్ముల గురించి గూడ ఇట్లనే రాస్తరు. మా తాత, మా నాయిన, నేను ఒక్క తండాలనే పుట్టినం. భూమి పాసుబుక్కు గూడ ఉన్నది" అన్నాడు. కొంచెం ఆగి, "మేం లంబాడోళ్లం, వాళ్లు రోమాలు. ఎవరి పేరు వాళ్లకున్నది గద సార్" అన్నాడు.

నాకు సమాధానం తోచలేదు. ఆ రాత్రి వ్యాసాన్ని మొదటినుంచి మళ్లీ చదివాను. ఆ తరువాత దొరికిన గ్రంథాలన్నీ చదివాను. ఆమె పాటలు విన్నాను. ఆ చదువులో నాకు అవగతమైనదే ఈనాటి నా ప్రసంగం. ఆ గాయని పేరు ఎస్మా రెజెపోవా.

స్కోప్యే నగరం, అక్కడి సంగీతం

ఈనాడు ఉత్తర మాసిడోనియా అని పిలిచే ఆ దేశానికి స్కోప్యే రాజధాని. వర్దార్ నది ఒడ్డున వెలసిన ప్రాచీన నగరమది. సుమారు అయిదు శతాబ్దాలపాటు ఉస్మానియా తురుష్క సామ్రాజ్యంలో ఉండి, 1912లో దాని చేతి నుంచి జారిపోయింది. రెండవ ప్రపంచ యుద్ధానంతరం మాసిడోనియా యుగోస్లావియా సమాఖ్యలో ఒక గణతంత్రమైంది. 1991లో స్వతంత్ర దేశమైంది. ఇప్పటి పేరు 2019లో వచ్చింది. మాసిడోనియన్లు, ఆల్బేనియన్లు, తురుష్కులు, రోమాలు, సెర్బులు, వ్లాఖులు ఆ నేలమీద తరతరాలుగా ఇరుగుపొరుగుగా జీవిస్తున్నారు. 2021 జనాభా లెక్కలలో ఆ దేశ జనసంఖ్య 18 లక్షల పైచిలుకు. వారిలో తాము రోమాలమని చెప్పుకున్నవారు సుమారు 46 వేలమంది.

ఆ ప్రాంతపు రోమాలలో అధికసంఖ్యాకులు ఎన్నో తరాల కిందటే స్థిరనివాసం ఏర్పరచుకున్నారు. కమ్మరులుగా, కూలీలుగా, వాద్యకారులుగా పట్టణాలలో తమ పేటల్లో ఉండేవారు. పెళ్లి ఎవరి ఇంట జరిగినా వాద్యం మాత్రం తరచుగా రోమాలదే. జుర్లా అనే సన్నాయి జాతి వాద్యం, తపాన్ అనే రెండు ముఖాల పెద్ద డోలు అక్కడి పెళ్లి మేళం. మన నాదస్వరం, డోలు విన్న చెవికి ఆ జంట కొత్తగా తోచదు. పట్టణాలలో చాల్గియా అనే మరొక మేళం ఉండేది. అందులో వాయులీనం, కానూన్ అనే తంత్రీవాద్యం, ఊద్ అనే వీణ, క్లారినెట్, డప్పు కలిసి మోగేవి. తూర్పు వాద్యం ఏది, పడమటి వాద్యం ఏది అన్న విచారణ ఆ మేళంలో లేదు. బాలుస్వామి దీక్షితులు పడమటి వాయులీనాన్ని కర్ణాటక సంగీతంలోకి తెచ్చిన తరువాత, ద్వారం వెంకటస్వామి నాయుడుగారి చేతిలో దాన్ని విన్న మనం అది పరాయిదని అనుకోగలమా?

ఆ సంగీతపు లయను గురించి కూడా ఒక మాట. ఏడు మాత్రల నడక మాసిడోనియా పాటలకు ప్రాణం వంటిది. ఆ ఏడింటిని మూడు, రెండు, రెండుగా విభజిస్తారు. మన మిశ్రచాపు తెలిసినవారు ఆ పాటకు సునాయాసంగా తాళం వేయగలరు. అంతమాత్రాన ఒకటి రెండవదాని నుంచి పుట్టిందని నేను అనడం లేదు. అటువంటి తొందరపాటు ఎక్కడికి దారితీస్తుందో నాకు అనుభవమే. ఏడు మాత్రల నడకలో మనిషి అడుగు తేలిక పడుతుందని ఇద్దరికీ తెలుసు, అంతే.

బాల్యం, తొలి పాట

ఎస్మా 1943 ఆగస్టు 8వ తేదీన స్కోప్యేలో జన్మించింది. అవి యుద్ధపు రోజులు. ఆ ఏడాది మార్చిలోనే ఆ నేలమీది యూదులను, సుమారు ఏడువేలమందిని, రైళ్లలో ఎక్కించి త్రెబ్లింకా మృత్యు శిబిరానికి పంపారు. రోమాలను కూడా నాజీలు ఐరోపా అంతటా వేటాడి లక్షల సంఖ్యలో చంపారు. ఎస్మా తండ్రి ఇబ్రహీం 1941 నాటి జర్మన్ బాంబుదాడిలో ఒక కాలు కోల్పోయాడు. బరువులు మోసి, బూట్లకు పాలిష్ చేసి సంసారం నెట్టుకొచ్చాడు. పెళ్లిళ్లలో డప్పు వాయించి పాడేవాడు కూడా. తల్లి బట్టలు కుట్టేది. ఆ ఇంట పిల్లలు ఆరుగురు.

బడిలో ఆ పిల్ల కంఠాన్ని గమనించినవారు రేడియో స్కోప్యే నిర్వహించిన పాటల పోటీకి వెళ్లమని ప్రోత్సహించారు. అప్పటికి ఆమెకు పదమూడు పధ్నాలుగేళ్లు. యాభైమందికి పైగా పాల్గొన్న ఆ పోటీలో ఆమె ప్రథమ బహుమతి గెలుచుకుంది. పోటీకి వెళ్లిన సంగతి ఇంట్లో తెలియదు. ఆనాటి రోమా కుటుంబాలలో ఆడపిల్ల బయట పాడడమంటే మధుశాలలో పాడడమనే అర్థం. పరువు పోతుందని, పెళ్లి కాదని భయం. బయట సమాజానికి రోమాలంటే చిన్నచూపు, ఇంట్లో ఆడపిల్ల పాట అంటే భయం. ఆ పసిపిల్ల ఒకేసారి రెండు గోడలు దాటవలసివచ్చింది.

ఆ పోటీలో ఆమె పాడినది రోమానీ భాషలో. ఈ విషయాన్ని ప్రత్యేకంగా గమనించమని విద్యార్థులను కోరుతున్నాను. రోమా వాద్యకారులు తరతరాలుగా అందరి పెళ్లిళ్లలోను అందరి పాటలూ వాయించారు. వారి చేతి నైపుణ్యం అందరికీ కావలసివచ్చింది. వారి భాష మాత్రం వారి పేట దాటి రాలేదు. రేడియోలో ఆ భాష వినిపించడం ఆనాటికి కొత్త. ఇతరుల భాషలో పాడి ఉంటే బహుమతి బహుశా ఇంకా తేలికగా వచ్చేది.

తెయోదోసియెవ్‌స్కీ మేళం

ఆ పాట విన్నవారిలో స్తేవో తెయోదోసియెవ్‌స్కీ ఒకరు. 1924లో కోచాని పట్టణంలో పుట్టిన మాసిడోనియన్. అకార్డియన్ వాద్యకారుడు, ఒక మేళానికి నాయకుడు. ఆయన ఎస్మా తల్లిదండ్రుల వద్దకు వెళ్లి, బిడ్డకు సంగీతం నేర్పించి గౌరవప్రదమైన కళాజీవితం కల్పిస్తానని మాట ఇచ్చాడు. వారు మొదట ఒప్పుకోలేదు. నచ్చజెప్పగా నచ్చజెప్పగా అంగీకరించారు. స్తేవోకు తనవారి నుంచి కూడా మాటలు తప్పలేదు. మాసిడోనియన్ గాయనులు ఎందరో ఉండగా ఒక రోమా పిల్లను వేదిక ఎక్కిస్తావా అని అడిగినవారున్నారు. ఆయన ఆమెనే వేదిక ఎక్కించాడు.

'ఛాయే షుకారియే' అనేది ఎస్మా కౌమారంలోనే కట్టిన పాట. 'అందాల పిల్లా' అని దానికి స్థూలంగా అర్థం. అది యుగోస్లావియా అంతటా మారుమోగింది. రోమాలు కానివారు, ఆ భాషలో ఒక్క ముక్క తెలియనివారు కూడా దాన్ని కూనిరాగం తీశారు. అటు తరువాత ఆమె మాసిడోనియన్, సెర్బో-క్రొయేషియన్, తుర్కీ భాషలలో కూడా పాడింది. రోమానీని మాత్రం ఏనాడూ వదలలేదు. మేళం బెల్‌గ్రేడ్‌కు తరలివెళ్లింది. అక్కడి నుంచి దేశదేశాలు తిరిగింది. 1968లో స్తేవో, ఎస్మా వివాహం చేసుకున్నారు.

ఇంతలో స్కోప్యేకు ఒక మహావిపత్తు వచ్చింది. 1963 జూలై 26వ తేదీ తెల్లవారుజామున సంభవించిన భూకంపంలో వెయ్యిమందికి పైగా మరణించారు. నగరంలో అధికభాగం నేలమట్టమైంది. ఇళ్లు కోల్పోయిన రోమాలలో అనేకులకు నగరం అంచున షూతో ఒరిజారి అనే పేట వెలసింది. అదే 1996లో ఒక పురపాలక సంఘమైంది. రోమానీ భాష అక్కడ అధికార భాషలలో ఒకటి. 1991 నాటి మాసిడోనియా రాజ్యాంగ పీఠిక కూడా దేశంలోని ఇతర జాతులతోపాటు రోమాలను పేరుపెట్టి పేర్కొన్నది. పీఠికలో పేరు ఉన్నంతమాత్రాన పేదరికం పోదు. ఆ పేట ఈనాటికీ పేదదే. అయినా ఆ పేరు దిమ్మరులని కాక రోమాలని ఉన్నది.

ఈ దంపతులకు సొంత సంతానం లేదు. దిక్కులేని పిల్లలను, పూటగడవని ఇళ్ల పిల్లలను చేరదీసి పెంచారు. అట్లా పెంచినవారు 47 మంది. వారిలో రోమాలు ఎక్కువ. వారికి అన్నం పెట్టి, బడికి పంపి, వాద్యం చేతికిచ్చారు. ఎందరో ఆ మేళంలోనే వాద్యకారులయ్యారు. మన దేశంలో గురుకులమంటే ఏమిటో తెలిసినవారికి ఆ ఇంటిని గురించి వేరే వర్ణించనక్కరలేదు. ఆ మేళం చేసిన కచేరీలు తొమ్మిదివేలు దాటాయని చెబుతారు. వాటిలో చాలా కచేరీల రాబడి ఆసుపత్రులకు, బడులకు, విపత్తులలో నష్టపోయినవారికి వెళ్లింది.

ఎస్మాపై విమర్శలు కూడా లేకపోలేదు. తలపాగా, మిరుమిట్లు గొలిపే దుస్తులు, ఆభరణాలు, వేదికపై పాటలో విలపించడం ఇవన్నీ రోమా స్త్రీని గురించి బయటివారి ఊహలో ఉన్న చిత్రానికే రంగులద్దాయని కొందరు విద్వాంసులన్నారు. అందులో కొంత నిజముంది. ప్రేక్షకులు ఆశించిన వేషం ధరించి, వారు ఆశించని భాషలో పాడడం ఆమె ఎంచుకున్న మార్గమని నాకు తోస్తుంది.

భారతదేశంతో సంబంధం

ఇక మన దేశపు ప్రసక్తి. రోమానీ భాషకూ హిందుస్తానీకీ బంధుత్వముందని 1782లోనే జర్మన్ పండితుడు ర్యూడిగర్ గుర్తించాడు. 1926లో రాల్ఫ్ టర్నర్ ఇండో-ఆర్య భాషలలో దాని స్థానాన్ని నిర్ణయించాడు. 2012లో ప్రకటితమైన జన్యు పరిశోధన ఒకటి ఈ ప్రజల పూర్వీకులు సుమారు 1500 సంవత్సరాల కిందట ఉత్తర, వాయవ్య భారత ప్రాంతం నుంచి బయలుదేరారనీ, బాల్కన్ ప్రాంతం నుంచి ఐరోపా అంతటా వ్యాపించారనీ తెలిపింది. ఈనాడు ఐరోపాలో వారి సంఖ్య కోటి నుంచి కోటీ ఇరవై లక్షల వరకు ఉంటుందని అంచనా.

హిందీ చదివినవాడికి రోమానీ నిఘంటువు తెరవడం వింత అనుభవం. పానీ అంటే నీరే. కాన్ చెవి, నఖ్ ముక్కు, యాఖ్ కన్ను, దాంద్ పన్ను. మనుష్ అంటే మనిషి. ఫువ్ అంటే భువి. ఒకటి మొదలు అయిదు వరకు యేక్, దుయ్, త్రిన్, ష్తార్, పంజ్. క్రైస్తవుల శిలువను వారు త్రుషుల్ అంటారు. అది మన త్రిశూలం. పరాయి దేశంలో కొత్త మతపు చిహ్నాన్ని చూసినప్పుడు ఎవరో ఒక పూర్వీకునికి నోట వచ్చిన పాత మాట అది.

అయితే అదే నిఘంటువులో ఏడుకు ఎఫ్తా, ఎనిమిదికి ఓఖ్తో, తొమ్మిదికి ఎన్యా అని ఉంటుంది. అవి గ్రీకు మాటలు. దారికి ద్రోమ్ అంటారు. అది కూడా గ్రీకు మాటే. పారసీకం, ఆర్మీనియన్, స్లావు భాషల మాటలు మరెన్నో ఉన్నాయి. నీటికి మాట పుట్టింటి నుంచి వెళ్లింది, దారికి మాట దారిలో దొరికింది. పానీ ఒక్కదాన్నే చూసి వారు మనవారేనని చప్పట్లు కొట్టి ఊరుకుంటే మనం సగం నిఘంటువే చదివినట్లు. వెయ్యేళ్లుగా వారు ఐరోపావారు. స్కోప్యే ఎస్మాకు సొంత ఊరు.

ఈ రెండు సత్యాలనూ కలిపి చూసిన భారతీయుడు వీర్ రాజేంద్ర రిషి. 1917లో జన్మించి 2002లో కీర్తిశేషులైన ఈయన దౌత్య కార్యాలయాలలో పనిచేసిన భాషావేత్త, రష్యన్-హిందీ నిఘంటు నిర్మాత. చండీగఢ్‌లో భారతీయ రోమానీ అధ్యయన సంస్థను స్థాపించారు. 1971 ఏప్రిల్ 8న లండన్ సమీపంలో మొదటి ప్రపంచ రోమా మహాసభ జరిగింది. నేటి మన సమావేశానికి ఆ తేదీయే సందర్భం. ఇతరులు పెట్టిన పేర్లను తోసిపుచ్చి 'రోమా' అన్న తమ పేరును ఆ సభ నిలబెట్టింది. నీలం, ఆకుపచ్చ రంగుల జెండా నడుమ పదహారు ఆకుల ఎర్రని చక్రాన్ని నిలిపింది. ఇరవైనాలుగు ఆకుల చక్రం ఉన్న జెండా కింద పెరిగిన మనకు ఆ జెండాను చూస్తే ఏమనిపిస్తుందో నేను చెప్పనక్కరలేదు. యుగోస్లావియా రోమా సంగీతకారుడు జార్కో యొవానోవిచ్ సమకూర్చిన 'జెలెమ్ జెలెమ్' వారి జాతీయగీతమైంది. ఎస్మా జీవితాంతం దాన్ని వేదికలపై పాడింది.

1976లో చండీగఢ్‌లో జరిగిన రోమా ఉత్సవానికి ఎస్మా, స్తేవో తమ మేళంతో వచ్చారు. రోమా సంగీతానికి రాణి, రాజు అన్న బిరుదులతో ఆ ఉత్సవం వారిని గౌరవించింది. రాజు బిరుదు పొందిన స్తేవో జన్మతః రోమా కాడన్న సంగతి మరచిపోవద్దు. సుమారు ఇరవై ఏళ్లపాటు ఒక రోమా భాషకు అకార్డియన్‌తో తోడు నిలిచినవాడికి ఆ బిరుదు ఇవ్వడంలో ఎవరికీ సందేహం కలగలేదు.

చివరి సంవత్సరాలు

1989లో దంపతులు స్కోప్యేకు తిరిగివచ్చి స్థిరపడ్డారు. తరువాతి రెండేళ్లలో యుగోస్లావియా ముక్కలైంది. నిన్నటివరకు ఒకే రేడియోలో ఒకే పాట విన్న ప్రజలు ఆయుధాలు పట్టి ఒకరినొకరు చంపుకున్నారు. ఆ ఘోరకాలంలోను ఎస్మా పాటను ఒక పక్షపు పాటగా చేయనివ్వలేదు. 1997లో స్తేవో మరణించాడు. ఆమె మేళాన్ని ఆపలేదు.

2013లో స్వీడన్ దేశంలోని మాల్మే నగరంలో జరిగిన యూరోవిజన్ పాటల పోటీకి మాసిడోనియా తరఫున వ్లాత్కో లొజానోస్కీ అనే యువగాయకునితో కలిసి వెళ్లింది. అప్పటికి ఆమెకు డెబ్బైకి ఒక ఏడు తక్కువ. వారి పాట అంతిమ ఘట్టానికి చేరలేదు. అయితే ఆ యువకుడు మాసిడోనియన్‌లో పాడాడు, ఆమె తన భాగాన్ని రోమానీలో పాడింది. అర్ధశతాబ్దం కిందట ఒక బడిపిల్ల స్థానిక రేడియోలో ఏ భాషలో పాడిందో, ఆ భాషలోనే ఒక వృద్ధ గాయని తన దేశానికి ప్రతినిధిగా నిలబడి పాడింది. నా దృష్టిలో ఆమె జీవితయాత్ర పొడవు ఈ రెండు పాటల మధ్య ఉన్నంత.

2016 డిసెంబరు 11న ఎస్మా స్కోప్యేలో కన్నుమూసింది.

మిత్రులారా, సమైక్యత అన్న మాటను మనం తరచుగా వాడతాం. ఒక్కొక్కప్పుడు ఆ మాట కింద చిన్నవారిని పెద్దవారిలో కలిపేసి పేరు తుడిచివేస్తాం. అనువాదకులమైన మేము ఈ పని మరీ సులభంగా చేయగలం. తెలియని పేరు వస్తే తెలిసిన పేరు పెట్టేస్తాం. ఎస్మా మాసిడోనియా వేదికమీద మాసిడోనియా ప్రజల గాయనిగా నిలిచింది. అందుకోసం ఆమె రోమా కాకుండా పోవలసిన అవసరం రాలేదు. స్తేవో ఆమెకు తోడుగా నిలిచాడు. అందుకోసం ఆయనా తన పుట్టుకను దాచుకోవలసిన పని లేకపోయింది. ఈ గ్రంథాలయంలో మీరు చదివే పుస్తకాలలో ఏ ప్రజల పేరైనా ఎదురైనప్పుడు, ఆ పేరు వారు పెట్టుకున్నదా, ఇతరులు తగిలించినదా అని ఒక్క నిమిషం ఆగి విచారించమని నా ప్రార్థన.

నా వ్యాసం సంగతి చెప్పి ముగిస్తాను. 'దేశదిమ్మరులు' కొట్టివేసి 'రోమా ప్రజలు' అని రాశాను. లంబాడీల వివరణ తీసివేశాను. దిద్దిన ప్రూఫులు మళ్లీ ఆ మిత్రునికే ఇచ్చాను. ఆయన పానీ అన్న మాట దగ్గర ఆగి, "మా తండాల గూడ పాణి అనే అంటం సార్" అన్నాడు. అది కూడా వ్యాసంలో చేర్చమంటావా అని అడిగాను. "వద్దు సార్, అది మా వ్యాసంల రాద్దాం" అన్నాడు. ఆ వ్యాసం కోసం ఆయన మాటలు పోగుచేస్తున్నాడు, నేను చేతనైన సాయం చేస్తున్నాను.